ఫోటోలో లేని మేడం

నా ముఖం నాకు నచ్చక కాదు. బాగానే ఉంటాను. మా ఆయన షాకీర్ దుబాయ్ నుంచి వీడియో కాల్ చేసినప్పుడల్లా ఆ మాటే అంటాడు. అయినా ఎవరైనా నా ఫోటో తీస్తానంటే నాకు ఒళ్లు మండుతుంది. దానికో కారణం ఉంది. అది ముందు చెప్పకపోతే మిగిలిందంతా నా పిచ్చి కింద జమ కడతారు.

పెళ్లయిన కొత్తలో జగిత్యాలలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ చెప్పేదాన్ని. అడ్మిషన్ల సీజన్ రాగానే వాళ్లు నన్ను ఒక్క మాట అడగకుండా నా ఫోటోతో ఫ్లెక్సీ కొట్టించి బస్టాండు ముందు కట్టారు. పైన 'అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు' అని పెద్ద అక్షరాలు, కింద స్కార్ఫ్ కట్టుకుని నేను, నా పక్కన ల్యాప్‌టాప్ పట్టుకుని నవ్వుతున్న ఎవరో తెల్లదొరల పిల్లలు. మా వాళ్లలో ఒకాయన దాన్ని ఫోటో తీసి దుబాయ్ పంపాడు. షాకీర్ రూములో ఉన్న వాళ్లందరూ చూశారట. ఫోన్‌లో పెద్ద యుద్ధమే నడిచింది. అది చల్లారేలోగా వానలు మొదలయ్యాయి. ఎవరో ఆ ఫ్లెక్సీని ఊడదీసుకుపోయి చాయ్ బండి మీద కప్పుకున్నారు. నేను బస్సు దిగినప్పుడల్లా నా మొహం మీది నుంచి వాన నీళ్లు కారి జనం గ్లాసుల్లో పడేవి. ఆ ఉద్యోగం మానేసి, ఇక నా ఫోటో ఎవరి ఫోన్‌లోకీ పోనివ్వనని ఒట్టు పెట్టుకున్నాను.

తర్వాత కోరుట్లలో కాపురం పెట్టాం. అక్కడి నుంచి కథలాపూర్ వైపు పోయే దారిలో ఒక ఊరి సర్కారు హైస్కూల్లో కంప్యూటర్ ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే చేరాను. పర్మనెంటు ఉద్యోగం కాదు. ఏజెన్సీ వాళ్లు పెట్టుకుంటారు, ఏడాదికోసారి పొడిగిస్తారు. పొడిగించకపోతే అంతే సంగతి.

ల్యాబ్ అంటే మెట్ల పక్కన ఒక పొడుగాటి గది. నాకు ముందు పనిచేసినాయన కంప్యూటర్లకు ప్లాస్టిక్ కవర్లు తొడిగి, వాటి మీద దుప్పటి కప్పి, గదికి తాళం వేసి వెళ్లాడు. చాలా బడుల్లో ఇదే పద్ధతి. పిల్లలు ముట్టుకుంటే పాడవుతాయి, పాడైతే జవాబు చెప్పుకోవాలి, అందుకని ముట్టుకోనివ్వరు. దసరాకు మాత్రం తాళం తీసి, పసుపు కుంకుమ పెట్టి, మళ్లీ వేసేస్తారు. నేను వచ్చిన వారంలోనే కవర్లన్నీ పీకి అవతల పారేశాను. హెడ్మాస్టర్ ధనుంజయ్ సార్ గుండె పట్టుకున్నంత పని చేశాడు. అప్పటికే ఎలుకలు ఆ దుప్పట్ల కింద కాపురం పెట్టి మౌసుల వైర్లన్నీ కొరికేశాయి.

తొమ్మిది, పది తరగతుల పిల్లలు. సగం మంది తల్లులు బీడీలు చేస్తారు, తండ్రులు గల్ఫ్‌లో ఉంటారు. ఒక్కో కంప్యూటర్ ముందు ముగ్గురు కూర్చునేవాళ్లు. మౌస్ ఎవడి చేతిలో ఉంటే వాడే రాజు, మిగతా ఇద్దరూ తమాషా చూసేవాళ్లు. ఆ రాజరికం నాకు గిట్టలేదు. మౌస్ ఒకరికి, కీబోర్డు ఒకరికి, ఏం నొక్కాలో నోటితో చెప్పే పని మూడో వాళ్లకు ఇచ్చి, మాటిమాటికీ చోట్లు మార్చేదాన్ని. కరెంటు పోతే అట్ట మీద గీసిన కీబోర్డు మీద వేళ్లు ఆడించమనేదాన్ని. గొంతు పెద్దది నాది. నేను పాఠం చెబుతుంటే రోడ్డు అవతల కిరాణా కొట్టు ఆయనకు కూడా ఎక్సెల్ వచ్చేసిందని టీచర్లు ఎగతాళి చేసేవాళ్లు.

పదో తరగతికి వచ్చేసరికి ఆ పిల్లలు ఊరిలో పెళ్లి కార్డులు వాళ్లే టైపు చేసి ఇస్తున్నారు. అక్షిత అనే పిల్లయితే వాళ్ల వాడకట్టులో అందరి హాల్‌టికెట్లు, అప్లికేషన్లు తనే చూసేది. వాళ్లమ్మ నా దగ్గరికొచ్చి, బిడ్డ ఇంట్లో కూడా బల్ల మీద వేళ్లు టకటకలాడిస్తోందని, ఏదైనా గాలి సోకిందేమోనని భయపడిపోయింది. ఆ రోజు నేను ఎంత నవ్వానో, ఎంత సంబరపడ్డానో నాకే తెలుసు.

కానీ పైవాళ్లకు ఇదంతా అక్కర్లేదు. వాళ్లకు కావాల్సింది ఫోటో. రోజూ కంప్యూటర్ క్లాసు జరుగుతున్నట్టు, టీచరూ పిల్లలూ కనపడేట్టు ఫోటో తీసి, మధ్యాహ్నంలోగా యాప్‌లో పెట్టాలి. ఫోటో పడకపోతే జగిత్యాల జిల్లా ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది. పాఠం పడకపోతే ఎవరూ ఫోన్ చెయ్యరు.

చేరిన మొదటి రోజే దీని గురించి ధనుంజయ్ సార్‌తో గొడవైంది. నేను దిగనంటే దిగనన్నాను. సార్ నెత్తి పట్టుకున్నాడు. అప్పుడు అడ్డం వచ్చింది రాధక్క.

రాధక్క లెక్కల టీచరు. సిరిసిల్లలో ఉంటుంది. నేను కోరుట్ల వైపు నుంచి, ఆమె వేములవాడ మీదుగా అటువైపు నుంచి, ఇద్దరం రోజూ బస్సుల్లో వచ్చి మధ్యలో ఆ బడిలో కలిసేవాళ్లం. ఫ్లెక్సీ కథంతా విని, నవ్వకుండా కూర్చున్న మొదటి మనిషి ఆమె. నా భుజం మీద చెయ్యేసి, "నువ్వు పిల్లలకు చెప్పుకో చెల్లె. ఫోటోల బాధ నాది," అంది.

అంతే. ఆ రోజు నుంచి అదొక అలవాటైపోయింది. క్లాసు మధ్యలో రాధక్క వచ్చేది. అక్షిత చేతికి తన ఫోన్ ఇచ్చేది. పిల్లల పక్కన తాను నిలబడేది. నేను వరండాలోకి వెళ్లి నీళ్లు తాగి వచ్చేదాన్ని. వచ్చేసరికి ఫోటో యాప్‌లో పడిపోయి ఉండేది, నా పాఠం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలయ్యేది. ఎంత సుఖమో చెప్పలేను. నా ఒట్టు నిలిచింది, సర్కారు కడుపూ నిండింది.

ఆమెను నేను ఎందుకు నమ్మానంటే, నమ్మకపోవడానికి ఒక్క కారణం కూడా లేదు. రంజాన్‌లో నేను రోజా ఉన్న నెలంతా నా ముందు తినకూడదని మెట్ల కింద ఒక్కతే కూర్చుని డబ్బా విప్పేది. మా అమ్మకు ఆపరేషనైతే కరీంనగర్ ఆసుపత్రికి సర్వపిండి మూటగట్టుకుని వచ్చింది. నాకు సొంత అక్క లేదు. ఉంటే ఇలాగే ఉంటుందనుకున్నాను. సాయంత్రం బడి వదిలాక రోడ్డు మీద ఆమె బస్సు వచ్చేదాకా నా బస్సులు వదిలేసి మరీ ఆమె వైపే నిలబడేదాన్ని.

పోయిన ఏడాది పిల్లలు తగ్గారని, ఎక్కువైన టీచర్లను వేరే బడులకు సర్దుతారని మాట పుట్టింది. మా బడిలో లెక్కలకు ఇద్దరున్నారు. ఇద్దరిలో జూనియర్ రాధక్క. ధర్మపురి వైపు ఖాళీలున్నాయట, అక్కడికి పంపుతారని అందరూ అనుకున్నారు. సిరిసిల్ల నుంచి జగిత్యాల, అక్కడి నుంచి ధర్మపురి, రోజూ పోయి వచ్చే దూరం కాదు. వాళ్లత్త మంచంలో ఉంది, ఒక్క పూట వదలడానికి లేదు. రాధక్క అన్నం ముట్టకుండా కూర్చుంటే నేనే బతిమాలి తినిపించాను. ఏదో దారి దొరుకుతుందిలే అక్క అన్నాను. దారి దొరికింది, నా నెత్తి మీది నుంచే.

ఆ తర్వాత కొన్నాళ్లకే నా మెడ మీదికీ వచ్చింది. కంప్యూటర్ క్లాసులు నిజంగా నడుస్తున్న బడుల్లోనే ఇన్‌స్ట్రక్టర్లను ఉంచుతారట. రెగ్యులర్ టీచరే కంప్యూటర్ చెబుతున్న బడికి బయటి మనిషి అవసరం లేదట. చూసి తేల్చడానికి ఒక కమిటీ వస్తుందన్నారు. నాకు రవ్వంత భయం వేయలేదు. నిజంగా నడిచే క్లాసు ఏదైనా ఉందంటే అది నాదే. రానివ్వండి, చూడనివ్వండి అనుకున్నాను. పిల్లలను రెండు వారాలు సానబట్టాను. వాళ్లు ఏ ప్రశ్నకైనా సిద్ధంగా ఉన్నారు, ఆ ఒక్క ప్రశ్నకు తప్ప.

కమిటీలో ముగ్గురు వచ్చారు. చాయ్ తాగారు, బిస్కెట్లు తిన్నారు. వాళ్లలో పెద్దాయన ల్యాబ్‌లోకి వచ్చి కంప్యూటర్ల వైపు ఒక్క చూపు చూసి, కుర్చీలో కూర్చుని ట్యాబ్ తెరిచాడు. పిల్లలు ఏం చేస్తున్నారో చూడండి సార్ అన్నాను. చూద్దాం మేడం అన్నాడు, ట్యాబ్‌లోంచి తల ఎత్తకుండా. కాసేపు వేలితో పైకీ కిందికీ జరిపి, దాన్ని నా వైపు తిప్పాడు.

"ఈ ఫోటోలల్ల మీరెక్కడున్నరు మేడం?"

అప్పటిదాకా ఆ ఫోటోలు నేను ఒక్కసారి కూడా చూడలేదు. నేను లేని ఫోటోలతో నాకేం పని అనుకున్నాను. ఆ రోజు చూశాను. రాధక్క పిల్ల భుజం మీద చెయ్యేసి మానిటర్ వైపు చూపిస్తోంది. రాధక్క మౌస్ పట్టుకున్న పిల్లాడి మీదికి వంగి ఉంది. రాధక్క చాక్‌పీసు పట్టుకుని బోర్డు ముందు నిలబడింది. బోర్డు మీద రాత నాది. ఫోటో కింద క్లాసు తీసుకున్న టీచరు అని ఉన్న చోట ప్రతిసారీ ఆమె పేరే ఉంది. ఎన్ని జరిపినా అదే. మానిటర్ బల్ల పట్టుకుని నిలబడ్డాను.

క్లాసు చెప్పేది నేనే సార్ అన్నాను. ఫోటోలు దిగడం నాకిష్టం లేదని ఆమె దిగేదని చెప్పాను. నా నోట ఆ మాట నాకే అబద్ధంలా వినపడింది. ఆయన పాపం మంచిగానే విన్నాడు. విని, ధనుంజయ్ సార్ వైపు చూశాడు. సార్ గోడ మీది గడియారం వైపు చూశాడు. రాధక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. నేను ఆమె వైపు చూశాను, ఇప్పుడు నోరు తెరుస్తుంది, నవ్వేసి అసలు సంగతి చెబుతుంది అని. ఆమె కొంగు సర్దుకుంది.

ఆయన పిల్లల వైపు తిరిగాడు. "మీకు కంప్యూటర్ ఎవరు చెప్తరమ్మా?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను అక్షిత వైపు చూశాను. చెప్పండ్రా, మీ నోళ్లకు నేనే కదా మాటలు నేర్పింది అనుకున్నాను. అక్షిత లేచి నిలబడింది. తల వంచుకుని చెప్పింది.

"రాధ మేడం చెప్తది సార్."

మిగతా పిల్లలు ఒకరి వెనక ఒకరు అవును సార్ అన్నారు. అబద్ధం ఎందుకు, ఆ క్షణం ఆ పిల్లల మీద కూడా నాకు కోపం వచ్చింది.

కమిటీ వెళ్లిపోయాక అక్షిత వరండాలో నన్ను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "మీ పేరు చెప్తె కంప్యూటర్లన్నీ ఇంకో బడికి తీస్కపోతరని హెడ్ సార్ చెప్పిండు మేడం. పొద్దున ప్రేయర్ అయినంక మమ్ముల అందరిని పిల్చి చెప్పిండు." రాధ మేడం ఏమంది అని అడిగాను. పక్కనే ఉండె మేడం, ఏం అనలె అంది. ముక్కు తుడుచుకోమని ఆ పిల్లకు నా రుమాలు ఇచ్చాను. పదో తరగతి పిల్లతో పెద్దవాళ్లు ఇంత పని చేయిస్తే దాన్ని నేనేం అనను?

సాయంత్రం రోడ్డు మీదికి వచ్చాను. రాధక్క అప్పటికే సిరిసిల్ల వైపు బస్సు కోసం నిలబడి ఉంది. రోజూలాగే ఆమె పక్కకు వెళ్లి నిలబడ్డాను. నా గొంతు సంగతి మీకు తెలుసు కదా, ఆ రోజు ఊరంతా వినేట్టు అడగాలని క్లాసురూము నుంచి తయారై వచ్చాను. తీరా నోరు తెరిస్తే పక్కనున్న ఆమెకు మాత్రమే వినపడింది.

"ఎప్పటి సంది అక్క?" అన్నాను. "ముందు నుంచే అనుకున్నవా?"

ఆమె నా వైపు చూడలేదు. బస్సు వచ్చే దిక్కే చూస్తూ చెప్పింది. అబద్ధం చెప్పలేదు, అదే నన్ను ఎక్కువ కాల్చింది.

"ముందుగాల నీ కోసమె చేసిన ఫిర్దోస్. ధర్మపురి మాట వచ్చినంక నా కోసం చేసిన. మా అత్తను ఇడిశి నేనేడికి పోను? కంప్యూటర్ క్లాసు నా పేరు మీద ఉంటె నన్ను కదిలియ్యరని, బడికి ఒక టీచరు మిగుల్తదని సార్ చెప్పిండు. నువ్వు చిన్నదానివి, నీకు యాడనన్న దొరుకుతది."

"ఒక్క మాట నాకు చెప్పకపోతివి గదక్క."

"చెప్తె ఒప్పుకుంటుంటివా?"

ఒప్పుకునేదాన్నో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు. అడిగి ఉంటే తెలిసేది. అత్త మంచం పక్కన కూర్చుని ఇద్దరం ఏదో ఒక ఉపాయం ఆలోచించేవాళ్లమేమో. నేనే వదులుకునేదాన్నేమో, అంత పిచ్చిదాన్ని నేను. ఆ అవకాశం కూడా ఆమె నాకు ఇవ్వలేదు. ఆ మాటే అన్నాను. అప్పుడు ఆమెకు కోపం వచ్చింది. తప్పు చేసినవాళ్లకు వచ్చే కోపం అది, గోడకు ఆనుకున్నాక వస్తుంది.

"నేనేం గుంజుకున్ననా?" అంది. "నువ్వే వద్దన్నవ్. రోజు నువ్వే పక్కకు జరిగినవ్."

బస్సు వచ్చింది, ఎక్కేసింది. ఇటు వైపు కిటికీ సీటు ఖాళీగా ఉన్నా అందులో కూర్చోలేదు.

వచ్చే నెల నుంచి రావద్దని ఏజెన్సీ వాళ్లు ఫోన్‌లో చెప్పారు. బడి నుంచి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ రాత్రి షాకీర్‌కు అంతా చెప్పుకుని ఏడ్చాను. అంతా విని, "అయితె ఫోటో దిగితె పోయేదేముండె ఫిర్దోస్?" అన్నాడు. ఆ ఫ్లెక్సీకి నాతో అంత యుద్ధం చేసిన మనిషి. నేను ఫోన్ పెట్టేసి, మళ్లీ తీసి నాలుగు తిట్టి, మళ్లీ పెట్టేశాను.

ఇంట్లో ఉంటే పొద్దు పోదు. ఇంటి పనంతా పదింటికే అయిపోయేది. ఆ వేళకు క్లాసు గుర్తొచ్చేది. ఏ పిల్లాడు ఎక్కడ తప్పు చేస్తాడో, ఏ కంప్యూటర్ రెండుసార్లు నొక్కితే గానీ లేవదో, ఇవన్నీ ఎవరికీ అక్కర్లేని సంగతులై నా తలలో మిగిలిపోయాయి. మల్లాపూర్‌లో ఒక బడిలో ఖాళీ ఉందని ఎవరో చెబితే వెళ్లి అడిగాను. ఇంతకుముందు పని చేసినట్టు ఫోటోలేమైనా ఉన్నాయా మేడం అన్నారు. లేవని చెప్పి వచ్చేశాను.

ఒక రోజు, బియ్యం ఏరుతుంటే ఫోన్ మోగింది. రాధక్క. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాను. మాట కన్నా ముందు నాకు వినిపించింది ల్యాబ్. ఫ్యాన్ కీచుమంటున్న చప్పుడు, కుర్చీలు జరుపుతున్న చప్పుడు, పిల్లల గోల. ఆమె తలుపు దగ్గర నిలబడి, గొంతు నొక్కిపెట్టి మాట్లాడుతోంది.

"ఫిర్దోస్, రేపు పదోతరగతోళ్లకు ప్రాక్టికల్ ఉన్నది. డేటాబేస్‌ల టేబుల్ చేపిచ్చిన. అందరిది చేసుడు అయింది గని, పేర్లు కొడుదమంటె ఒక్క అక్షరం పడ్తలేదు. అన్ని కంప్యూటర్ల గట్లనె ఉన్నది. ఏం చెయ్యాలె?"

ఏం జరిగిందో నాకు వెంటనే తెలిసిపోయింది. టేబుల్ సేవ్ చేసేటప్పుడు ప్రైమరీ కీ లేదు, పెట్టమంటావా అని కంప్యూటర్ అడుగుతుంది. ఈమె అందరితో వద్దని నొక్కించి ఉంటుంది. అది వద్దంటే ఆ టేబుల్ ఏమీ రాయనివ్వదు.

కానీ నా నోట్లోంచి ముందు వచ్చింది అది కాదు. ఇన్నాళ్లు లోపల కుక్కుకున్నదంతా ఒక్కసారి పైకి వచ్చింది. నీకు సిగ్గెట్ల లేదు అక్క అన్నాను. నా నౌకరీ తీసుకున్నావు, నా పిల్లలను తీసుకున్నావు, ఇప్పుడు పాఠం కూడా నన్నే అడుగుతున్నావా అన్నాను. నా గొంతు మామూలుగా లేచింది, రోడ్డు అవతలి కొట్టు దాకా పోయే గొంతు. పక్కింటి వాళ్లు తలుపు తీసి చూశారు.

"మెల్లగ మాట్లాడు చెల్లె," అంది రాధక్క. "పిల్లలకు ఇనవడ్తది."

వినపడాలనే కదా నేను అరుస్తున్నది. ఇంకా గట్టిగా అరవాలని ఊపిరి పీల్చాను. అప్పుడు ఆమె వెనక నుంచి అక్షిత గొంతు వినపడింది, మేడం, నాది కూడ రాస్తలేదు, రేపు ఎట్ల మేడం అని. ఆ గొంతులో ఏడుపు ఉంది. రేపు ఆ ఖాళీ టేబుల్ ముందే ఆ పిల్లను కూర్చోబెట్టి మార్కులు వేస్తారు.

నేను గొంతు తగ్గించాను.

టేబుల్ మీద రైట్ క్లిక్ కొట్టి ఎడిట్ నొక్కించమన్నాను. రోల్ నంబర్ అని ఉన్న మొదటి వరుసకు ముందున్న గడి మీద మళ్లీ రైట్ క్లిక్ కొట్టించి, ప్రైమరీ కీ అన్న చోట టిక్ పెట్టించమన్నాను. ఇద్దరు హరీశ్‌లు ఉంటే ఎవరు ఎవరో దానికి తెలియదు, ప్రతి మనిషికీ ఒక నంబర్ ఇవ్వాలి, అదుంటేనే లోపలికి రానిస్తుంది, పిల్లలకు అలా చెబితే అర్థమవుతుందని కూడా చెప్పాను. ఆమె ఒక్కో మాటా నా నుంచి తీసుకుని, అటు తిరిగి, క్లాసు గొంతుతో పిల్లలకు చెప్పింది. హరీశ్‌ల సంగతి కూడా చెప్పింది. పిల్లలు నవ్వారు. తర్వాత కీబోర్డులు టకటకలాడాయి.

"అచ్చింది మేడం," అని పిల్లలందరూ ఒక్కసారే అన్నారు.

"వెరీ గుడ్," అంది రాధక్క, వాళ్లతో. ఫోన్ కట్టయింది.